పర్లపెట్ట మెడతిప్పుడు జబ్బు

బుల్లెమ్మ పెరట్లో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా ముందు కబురందేది బాతుపిన్నికే. ఆ పెరట్లో ఐదు పెట్టలు, ఒక పుంజు, ఒక గేదె, ఒక బాతు ఉండేవి. వెనకాలే పంటకాలవ. పిన్ని ఈత కాలవలో, కాపురం కోళ్లతో. ఆరేళ్లు బతికిన రెక్కలజీవి ఆ పెరట్లో ఇంకోటి లేదు కాబట్టి, తనకి తెలియని రోగం లేదని పిన్ని నమ్మకం. ఆ నమ్మకం చాలావరకు నిజమే. మిగిలిన ఆ కాస్త దగ్గరే ఈ కథంతా జరిగింది.

ఓ రోజు పొద్దున్నే బుల్లెమ్మ నూకల చేట పట్టుకుని "బా బా బా" అని పిలిస్తే నాలుగు పెట్టలే పరిగెత్తుకొచ్చాయి. ఐదోది, ఎర్ర ఈకల డేగపెట్ట, గూటి పక్కన ముడుచుకుని నిలబడిపోయింది. తోక నేలకి వాలిపోయింది. కళ్లు సగం మూతపడ్డాయి. ఒళ్లంతా ఈకలు ఉబ్బించుకుని, ఎండలో కూడా చలేసినట్టు వణుకుతోంది. బుల్లెమ్మకి వంటింట్లో పాలు పొంగుతున్నాయి. చేట బోర్లించి, లెక్క చూసుకోకుండానే లోపలికి వెళ్లిపోయింది.

"ఇది దిష్టే," అన్నాడు సేతువ పుంజు. ఒంటి మీద ఒక్క మచ్చ లేని తెల్లటి పుంజు అతను. తనకి రోజుకి నాలుగుసార్లు దిష్టి తగులుతుందని అతని బాధ. "మొన్న గోడమీద కాకి నన్ను చూడబోయి దీన్ని చూసింది."

"దిష్టీ కాదు, దిబ్బా కాదు. నీలుగుడు," అంది పర్లపెట్ట. మెడ చుట్టూ నలుపూ తెలుపూ ఈకలు కలిసి, ముత్యాల హారం వేసుకున్నట్టుండే పెట్ట అది. "నేలమీద మేత నచ్చట్లేదేమో మహారాణిగారికి. చేతికి అందించాలి కాబోలు."

"తప్పుకోండి, దానికి గాలి తగలనివ్వండి," అంటూ బాతుపిన్ని అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. డేగ ముందు నిలబడి ఒక కంటితో చూసింది, తల తిప్పి రెండో కంటితో కూడా చూసింది.

"ఏమే డేగా, ఎప్పట్నుంచి ఇలాగ?"

"నిన్న సాయంత్రం నుంచి పిన్నీ."

"నిన్నేం తిన్నావు?"

"నూకలు... తర్వాత గడ్డివాము కింద ఇంకో కాస్త..."

"ఆ కాస్త ఏంటో చెప్పు."

డేగ నేలచూపులు చూసింది. "పురికొస ముక్క పిన్నీ. వానపాము అనుకున్నాను."

సేతువ పుంజు పకపకా నవ్వాడు.

"నువ్వు నవ్వకు అబ్బాయ్. పోయిన నెల చొక్కా గుండీ మింగిందెవరు?" అంది పిన్ని. పుంజు నవ్వు అక్కడే ఆగిపోయింది.

పిన్ని తన చదును ముక్కుతో డేగ మెడ కింద, రొమ్ము పైన మెల్లగా అదిమి చూసింది. అక్కడే ఉంటుంది కోడి మేతసంచి. "చూశారా? పొద్దున్న లేచేసరికి ఇది ఖాళీగా, మెత్తగా ఉండాలి. దీనిది నిమ్మకాయలా బిగుసుకుపోయింది. తిన్నది కిందికి దిగట్లేదు. ఇంకో రెండ్రోజులిలాగే ఉంటే ఇది మనకి దక్కదు." ఆ మాటకి పెట్టలన్నీ డేగ దగ్గరికి జరిగాయి. "ఏదీ, రాత్రి వేసిన రెట్ట ఎక్కడుంది?"

"ఛీ!" అంది పర్ల. "పొద్దున్నే రెట్టలు వెతుక్కునే వైద్యురాలు దొరికింది మనకి!"

పెట్టలు కిసుక్కుమన్నాయి. పిన్నికి ఆ మాట చురుక్కుమంది. దాన్ని మనసులో ఓ మూల దాచుకుంది.

"జబ్బేంటో నాకు తెలిసింది. దాన్ని బాగుచెయ్యాలంటే చేతులుండాలి. చేతులున్నామెని పిలుచుకొస్తానుండండి," అని వంటింటి గుమ్మం దగ్గరికి పోయి ఒకటే అరుపు. బుల్లెమ్మ బయటికొస్తే చీరకుచ్చెళ్లు ముక్కుతో పట్టి లాగింది.

బుల్లెమ్మది మంచి చెయ్యి. డేగని ఒళ్లో పెట్టుకుని, మెడ కింద తడిమి, "అయ్యో నా తల్లీ, రాయి కట్టేసిందే," అంది. నాలుగు చుక్కల నూనె, కాస్త గోరువెచ్చటి నీళ్లు పట్టించి, ఆ గట్టిదనం మీద వేళ్లతో మెల్లగా, చాలాసేపు మర్దనా చేసింది. ఆ రోజంతా మేత పెట్టలేదు, నీళ్లు మాత్రమే. అరుగు మీద గోనెపట్టా పరిచి, దానిమీద డేగని ఉంచి, పెద్ద వెదురుగంప బోర్లించింది. మర్నాటికి ఆ రాయి పిండిముద్దంత మెత్తబడింది. అప్పుడు మొదలైంది అసలు వైభోగం. మెత్తగా ఉడికించిన నూకల జావ. అందులో పెరుగు. దానిమీద, చెదలు పట్టించడానికి బోర్లించిన కుండ దులిపి గుప్పెడు చెదలు.

పర్లపెట్ట గంప చుట్టూ మూడుసార్లు తిరిగింది. వెదురు సందుల్లోంచి పెరుగు వాసన వస్తుంటే దానికి ఒక పక్క నోరూరింది, ఇంకో పక్క కడుపు రగిలిపోయింది.

"రోజు తప్పకుండా గుడ్డు పెట్టేది నేను. పెరుగు తినేది పురికొస మింగిందా?" అని గొణుక్కుంటూ తిన్నగా బాతుపిన్ని దగ్గరికొచ్చింది. "పిన్నీ, నాక్కూడా ఒంట్లో అదోలా ఉంది."

పిన్ని దాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. నెత్తిమీది జుట్టు మందారంలా ఎర్రగా ఉంది. కళ్లు మిలమిలా మెరుస్తున్నాయి.

"నీకేమీ లేదే."

"ఉంది. పైకి కనపడట్లేదంతే."

అప్పుడు పిన్నికి రెట్టల మాట గుర్తొచ్చింది. నవ్వొచ్చింది. ఆ నవ్వుని రెక్క కింద దాచుకుని, "కనపడని జబ్బుకి పెరుగెవరు పోస్తారే పిచ్చిదానా! కనపడేలా చేసుకోవాలి. తోక వాల్చు. రెక్కలు జార్చు. అన్నిటికన్నా ముఖ్యం మెడ. ఇదిగో ఇలా వెనక్కి మెలితిప్పి ఆకాశం చూడు. అలాగే ఉండాలి, కదపకూడదు," అంది.

పిన్ని అంచనా వేరు. బుల్లెమ్మ దగ్గర మెడ నొప్పికి ఒకటే మందు. వేపాకు, వెల్లుల్లి, మిరియం కలిపి నూరిన ఉండ. కిందటేడు సేతువ పుంజుకి అది మింగించినప్పుడు మూడ్రోజులు నీళ్లకుండీ దగ్గరే కాపురం పెట్టాడు. పర్లకి పెరుగుకి బదులు ఆ ఉండ దొరకాలని పిన్ని చిలిపి కోరిక. అంతకుమించి ఏమీ లేదు.

కానీ పర్ల తన తెలివి కూడా కొంత కలిపింది. డేగని మొదటిరోజు పస్తు ఉంచారు కదా, తనకీ అదే జరిగితే ఎలాగని ముందుజాగ్రత్తగా తోటకూర మడిలో దూరి, గొంతుదాకా మేసింది. అప్పుడొచ్చి పెరటి నడిమధ్యన నిలబడి మెడ తిప్పింది. కాసేపటికి దాని వెనక పచ్చగా, పలచగా రెట్ట పడింది.

బుల్లెమ్మ చూసి గుండెలు బాదుకుంది. వేపాకు ఉండ మాటే ఆవిడకి తోచలేదు. గబగబా ఇంకో గంప తెచ్చి, పర్లని డేగకి దూరంగా పెట్టి, గిన్నెలో ఇంత పెరుగన్నం పెట్టింది. పర్ల ఒక కన్ను మూసుకునే ఉంచి, మెడ వంకరగా పెట్టుకునే గిన్నె ఖాళీ చేసింది. పిన్ని అంచనా మొదటి దెబ్బకే తప్పింది.

రెండో దెబ్బ మోపెడ్ మీద వచ్చింది. కోళ్లు కొనే గంపల దాలయ్య హారన్ మోగించుకుంటూ వచ్చి దొడ్డిగుమ్మం దగ్గర ఆగాడు. "ఏంటక్కగారూ, మొహం అలా ఉంది?"

"చూడు దాలయ్యా, నిన్న ఒకటి, ఇవాళ ఒకటి. దీనికి మెడ తిరిగిపోయింది."

దాలయ్య గంప ఎత్తి పర్లని పట్టుకున్నాడు. కళ్లు చూశాడు, జుట్టు చూశాడు, మేతసంచి నొక్కాడు. నేలమీది పచ్చ రెట్ట చూశాడు, పక్కనే చిందరవందరగా ఉన్న తోటకూర మడీ చూశాడు. అతని మీసం కింద పెదవి ఒక పక్కకి కదిలింది. ఆ కదలిక అరుగు కింద ఉన్న పిన్ని కంటపడింది.

"కొక్కెర తెగులండి అక్కగారూ," అన్నాడు గొంతు బాగా తగ్గించి. "మెడ తిరగడం, పచ్చరెట్ట. ఇంకేం సాక్ష్యం కావాలి? మూడ్రోజుల్లో పెరడంతా ఊడ్చిపెట్టేస్తాదండి. మిగిలినవి నిలబడి ఉండగానే నాకిచ్చెయ్యండి. ఎంతోకొంత చేతిలో పెడతాను. ఈ రెండిటినీ కూడా నేనే పట్టుకెళ్లి ఎక్కడో పాతేస్తాను. బాతును కూడా ఉంచకండి, అది నీళ్లలో తెగులు మోస్తాది."

బుల్లెమ్మ కోళ్లకేసి తిరిగింది. ఒక్కొక్కదాన్నే చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. చివరికి, "సాయంత్రం రా," అంది.

దాలయ్య మోపెడ్ తిప్పుకుంటూ కాలవగట్టు మీద తనలో తను నవ్వుకోవడం వెనకాలే వెళ్లిన పిన్నికి స్పష్టంగా వినిపించింది. "తోటకూర మేసిన పెట్టకి తెగులట! ఒక్కోటి రెండు కిలోలు తూగుతాది."

పిన్ని తిరిగొచ్చేసరికి పెరడంతా గోలగా ఉంది.

"ఇదంతా దీనివల్లే!" అని సేతువ పుంజు పర్ల గంప మీదికెక్కి ఎగురుతున్నాడు. లోపల పర్ల మెడ తిన్నగా పెట్టి, "నాకు తగ్గిపోయింది! చూడమ్మా బుల్లెమ్మా, నాకేం లేదు!" అని ఏడుస్తూ గంపకేసి కొట్టుకుంటోంది. బుల్లెమ్మకి వినిపించింది కొక్కొక్కో అన్న గోలే. "పాపం, ఊపిరాడట్లేదు దీనికి. ఇంక దగ్గరపడినట్టుంది," అని కళ్లొత్తుకుని లోపలికి పోయింది.

"దాన్ని అనకండి," అంది పిన్ని. "మెడ తిప్పమంది నేను. నన్ను ఓ మాటందని, దానికి చేదు మందు మింగించి నవ్వుకుందామనుకున్నాను. దాలయ్య వస్తాడని నాకు తెలీదు. కొక్కెర తెగులుకీ మెడే తిరుగుతుందని మాత్రం తెలుసు. తెలిసీ నేర్పాను. తోటకూర మేసిన పెట్టకి తెగులటని అతను గట్టుమీద నవ్వుకుంటూ పోయాడు."

సేతువ పుంజు గంప మీంచి దిగాడు. పాకలో గేదత్త నెమరు వెయ్యడం కూడా ఆపింది.

అప్పుడు మొదటి గంపలోంచి డేగ నీరసంగా అడిగింది. "పిన్నీ, మనకి తెగులు లేదని అతనికి తెలుసన్నమాట."

"తెలుసే. అందుకే కదా కొంటున్నాడు."

"మరి నిజంగా ఉంటే కొంటాడా?"

ఆరేళ్ల అనుభవానికి తట్టనిది రెండ్రోజులుగా పస్తూ జావా మీద ఉన్న రోగికి తట్టింది. పిన్ని గంప దగ్గరికి పోయి, వెదురు సందులోంచి డేగ నెత్తిని ముక్కుతో ఒకసారి నిమిరింది.

"అందరూ ఇలా రండి," అంది. "మనకి సాయంత్రానికి తెగులు రావాలి."

ఎవరెలా పడాలో మధ్యాహ్నమంతా నేర్పింది. నల్లపెట్ట వెనక్కి నడవాలి. బూడిదరంగుది గిరగిరా తిరిగి కూలబడాలి. పొట్టిది కాళ్లు చాపుకుని నోరు తెరిచి రొప్పాలి. వచ్చిన చిక్కల్లా సేతువ పుంజుతోనే.

"నేను పడిపోవడమా? వీధిలో పుంజులు చూస్తే?"

"పడ్డం వాళ్లకీ వచ్చు అబ్బాయ్. నీ అంత అందంగా పడ్డం ఎవరికొచ్చు?"

పుంజు తన తోకకేసి తిరిగి చూసుకున్నాడు. "ఎడమవైపు పడనా, కుడివైపా? కుడివైపు నా తోక బాగుంటుంది."

"కుడివైపే పడు నాయనా. గేదత్తా, నువ్వు ఒక్కసారి గట్టిగా దగ్గాలి."

గేదత్త నింపాదిగా గడ్డి నమిలింది. మింగింది. "చూద్దాం," అంది.

పొద్దు వాలుతుండగా దాలయ్య వచ్చాడు. మోపెడ్‌కి రెండు వైపులా రెండు గంపలు. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో పొరుగూళ్లో కొన్న డజను కోళ్లు. హుషారుగా పాట కూనిరాగం తీస్తూ దొడ్డిలో అడుగుపెట్టాడు. ఎదురుగా నల్లపెట్ట వెనక్కి నడుచుకుంటూ వచ్చి అతని కాలికి తగిలింది.

కూనిరాగం ఆగింది.

బూడిదరంగు పెట్ట బొంగరంలా నాలుగు చుట్లు తిరిగి దబ్బున కూలింది. పొట్టిది నోరు తెరుచుకుని రొప్పుతోంది. సేతువ పుంజు గోడెక్కి, మెడ చాచి, "కొక్కొరో" దాకా అని, "కో" అనకుండానే మెడ మెలితిప్పి కుడివైపుకి ఒరిగి, తోక విసనకర్రలా విప్పారేలా జారి కిందపడ్డాడు. గంపలో పర్ల ఈసారి ఎవరూ చెప్పకుండానే మెడ తిప్పింది. ప్రాణభయంతో తిప్పింది కాబట్టి పొద్దున్నకంటే చాలా బాగా తిప్పింది.

"ఇదేంటిది!" అన్నాడు దాలయ్య.

"పొద్దున నువ్వన్నదే," అంది బుల్లెమ్మ ఏడుపు గొంతుతో. "మధ్యాహ్నం నుంచి ఒక్కోటీ ఇలా..."

బాతుపిన్ని తిన్నగా అతని చెప్పుల దగ్గరికి నడిచివచ్చి, ఓసారి మొహంలోకి చూసి, వెల్లకిలా పడి రెండు కాళ్లూ ఆకాశంలోకి పెట్టింది.

దాలయ్య ఒక్క గెంతు వెనక్కి గెంతాడు. చేతులు లుంగీకి గబగబా తుడుచుకున్నాడు. పొద్దున్న ఈ చేతులతోనే పట్టుకున్నాడు కదా అని గుర్తొచ్చి ఇంకోసారి తుడుచుకున్నాడు. అతని చూపు మోపెడ్ మీది డజను కోళ్ల మీదికి పోయింది.

"వద్దండి అక్కగారూ! నాకొద్దు! ఊరికే ఇచ్చినా వద్దు!"

"అదేంటి దాలయ్యా, పొద్దున తెగులని చెప్పింది నువ్వే కదా? అప్పుడు కావాలన్నావు."

"పొద్దున తోటకూరే అనుకున్నానండి!" అనేశాడు. అనేశాక నాలిక్కరుచుకున్నాడు. సరిగ్గా అప్పుడు గేదత్తకి తన వంతు గుర్తొచ్చింది. పాక కప్పు అదిరిపోయేలా, లోపల్నుంచి ఓ దగ్గు దగ్గింది.

"గేదెక్కూడా!" అని ఒక్క కేక పెట్టి దాలయ్య మోపెడ్ ఎక్కాడు. స్టాండు తియ్యడం కూడా మర్చిపోయి, టకటకా నేలకి కొట్టుకుంటూ కాలవగట్టు దాటేశాడు.

పెరట్లో బుల్లెమ్మ ఒక్కతే నిలబడి ఉంది. చుట్టూ పడిపోయిన కోళ్లు. వెల్లకిలా పడ్డ పిన్ని ఒక కన్ను తెరిచి ఆవిడ మొహం చూసింది. ఏడుపు ఆగిపోయింది. కనుబొమలు దగ్గరపడ్డాయి.

"తోటకూరా?" అనుకుంది బుల్లెమ్మ.

మడి దగ్గరికి వెళ్లింది. కొసలు తెగిన కాడలు, మట్టిలో కోడి గోళ్ల గీతలు, మధ్యలో నలుపూ తెలుపూ కలిసిన చిన్న ఈక ఒకటి. ఈక చేత్తో పట్టుకుని వచ్చి, పర్ల గంప ఎత్తి, మేతసంచి నొక్కి చూసింది. మెత్తగా, బూరెలా ఉంది. లోపలికెళ్లి చేటెడు నూకలు తెచ్చి, పెరటి మధ్యన చల్లి, "బా బా బా" అంది.

అందరికన్నా ముందు లేచినవాడు సేతువ పుంజు.

బుల్లెమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. చివరికి రెండూ చేసింది. నవ్వుతూనే, "ఓసి దొంగమొహాల్లారా!" అంది.

పర్ల మాత్రం నూకల దగ్గరికి పక్కవాటుగా నడిచింది. పొద్దున్నుంచి మెలితిప్పి మెలితిప్పి దాని మెడ నిజంగానే పట్టేసింది. ఎంత లాగినా తిన్నగా రాలేదు. ఇంకేముంది! మర్నాటి నుంచి మూడ్రోజులపాటు, పూటకొకటి చొప్పున, వేపాకు వెల్లుల్లి మిరియం ఉండ. నోరు తెరిపించి, వేలితో లోపలికి తోసి మరీ. ఒక్కో ఉండకీ పర్ల వేసిన కేకలు కాలవ అవతలికి కూడా వినిపించాయి.

బాతుపిన్ని కోరుకున్న చోద్యం కళ్ల ముందే జరిగింది. చూసి నవ్వుకుందామనుకుంది గానీ, నవ్వు రాలేదు. రోజూ పొద్దున్నే పోయి, తన ముక్కుతో పర్ల మెడని కాసేపు సవరదీసేది. పర్ల కూడా బుద్ధిగా మెడ అప్పగించేది.

నాలుగో రోజు డేగ గంపలోంచి బయటికొచ్చింది. తోక నిలబడింది. జుట్టులోకి ఎరుపొచ్చింది. పిన్ని దాని వెనకాలే తిరిగి తిరిగి, మధ్యాహ్నానికి గెలిచినట్టు ఓ అరుపు అరిచింది. రెట్టలో జానెడు పురికొస! పెట్టలన్నీ చుట్టూ మూగి చూశాయి. పర్ల అందరికన్నా ముందుకు తోసుకొచ్చి, ఛీ అనకుండా, మెడ చాచి శ్రద్ధగా చూసింది.

దాలయ్య మాత్రం ఊరుకోలేదు. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ, ఆగిన ప్రతి టీకొట్టు దగ్గరా, బుల్లెమ్మ పెరట్లో కోళ్లకీ, బాతుకీ, ఆఖరికి గేదెకీ కొక్కెర తెగులు పట్టిందని ప్రమాణం చేసి మరీ చెప్పాడు. దాంతో కోళ్లు కొనేవాడన్నవాడెవడూ ఆ కాలవగట్టు తొక్కలేదు. ఆ పెరటి కోళ్లు గంప మొహం చూడకుండా, నిదానంగా, నిండా ముసలివయ్యేదాకా బతికాయి.

లేని రోగం అంటగట్టి లాభపడాలని చూసేవాడు, ఆ రోగం పేరు వింటేనే అందరికన్నా ముందు పారిపోతాడు.